చిన్న చప్పుడు

కృత్తిక కార్తె, మొదటి వారం

ఈ రోజు ల్యాంప్‌రూమ్‌కి వచ్చినవి: తెగిన ఫ్యాన్ బెల్టు ఒకటి, గాజు పగిలిన దీపాలు రెండు, తూటా ఇరికిన పిస్తోలు ఒకటి.

బెల్టు అతికించాను. దీపాలకు కొత్త గాజు లేదు, పక్కన పెట్టాను. పిస్తోలు సంగతి మాత్రం వివరంగా రాస్తున్నాను. నా తర్వాత ఈ బల్ల ముందు కూర్చునేవాళ్ళకు పనికొస్తుంది. ప్రస్తుతానికి ఈ పుస్తకం తెరిచేది నేనొక్కదాన్నే.

స్వరూప తెచ్చింది. మా చెల్లెలి బిడ్డ. మేమంతా ఉండే ఈ బొగ్గు బాయి మొహం దగ్గర, అంటే గని నోటి దగ్గర, వేకువ కాపలా దానిదే. ఎండ మనిషిని మాడ్చకముందే, పొద్దు పొడిచేలోపు లోపలికి వచ్చేయాలి కాబట్టి ఉరుకుతూ వచ్చి పిస్తోలును బల్ల మీద పడేసింది. దాని మూతి సరిగ్గా నా పొట్ట వైపు ఉంది.

"పెద్దమ్మా, ఇది పేలలే. కుక్కల మంద నీళ్ళ ట్యాంకు కాడికొస్తే కొట్టిన. తుస్సుమన్నది."

"ముందుగాల దాని మూతి అటు తిప్పు."

"పేలలేదంటున్న గద."

"పేలనిది పేలినదానికన్న చెడ్డది. తిప్పు."

ఇసుక బస్తా వైపు తిప్పింది. తర్వాత ఏం చేశావని అడిగాను.

"గట్టయ్య కాక నేర్పిండు గద, పేలకుంటే స్లైడ్ గుంజి మళ్ళ కొట్టుమని. గుంజుదామనుకునేసరికి కుక్కలు ఉరికినయ్. ఇగ ఊకున్న."

కుక్కలు పారిపోకపోతే స్వరూప స్లైడ్‌ను, అంటే పిస్తోలు పైన జారే ఇనుప తొడుగును, గుంజేది. ఖాళీ గుల్ల బయటపడి, కొత్త తూటా లోపలికి వచ్చేది. గొట్టం మధ్యలో ఒక సీసపు గుండు బిరడాలా కూర్చుని ఉండగా రెండోది దాని వెనక పేలేది. అప్పుడు పగిలేది కుక్క తల కాదు, దీని చెయ్యి.

ఇది రాసుకోండి. చప్పుడు చిన్నగా వస్తే, చేతికి వెనక్కి కొట్టిన దెబ్బ తగలకపోతే, ఆగిపోవాలి. వేలు మీట మీద నుంచి తీయాలి. మూతి ఎవరూ లేని వైపు పెట్టి కాసేపు అలాగే ఉండాలి. ఒక్కోసారి మందు ఆలస్యంగా అంటుకుంటుంది. తర్వాత తూటాల డబ్బీ ఊడదీసి, స్లైడ్ గుంజి లోపలున్న ఇత్తడి గుల్లను బయటపడేయాలి. ఖాళీ అయిందో లేదో కంటితో చూడాలి, వేలు పెట్టి కూడా చూడాలి. అప్పుడే గొట్టం విప్పాలి.

అలా విప్పి దీపానికి అడ్డంగా పట్టాను. వెలుతురు రాలేదు. రెండు వైపులా నూనె చుక్కలు వేసి నాననిచ్చాను. ఇనుప కడ్డీ పెట్టకూడదు, లోపలి గీతలు చెడిపోతాయి. సన్న కర్ర పెట్టకూడదు, విరిగి అదీ ఇరుక్కుంటుంది. గొట్టానికి సరిపడా లావున్న ఇత్తడి కడ్డీ దోపి, కొయ్య సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేయాలి. తొందరపడితే గుండు ఇంకా బిగుసుకుంటుంది. చివరికి కదిలింది, తర్వాత బల్ల మీద పడి దొర్లింది.

గొట్టం తుడిచి మళ్ళీ దీపానికి పట్టాను. లోపల నున్నగా ఉంది. ఎక్కడా ఉంగరంలాంటి నీడ లేదు. ఆ నీడ కనబడితే గొట్టం ఉబ్బినట్టు. అలాంటిదాన్ని ఇక పేల్చకూడదు. రెండో తూటా కొడితేనే ఉబ్బుతుంది. ఒకటి ఇరికినంత మాత్రాన ఉబ్బదు.

స్వరూపకు ఇదంతా చూపించాను. ఆవలిస్తూనే చూసింది.

కృత్తిక కార్తె, చివర

ఇంకో కాపలా మనిషి మొగిలి తన పిస్తోలు తెచ్చాడు. అదే జబ్బు. మా బాయికి ఉన్నవే మూడు పిస్తోళ్ళు. రెండింటికి వచ్చిందంటే లోపం పిస్తోళ్ళది కాదు, తూటాలది.

చీకటి పడుతూనే బయటికొచ్చి సువార్తక్క దగ్గరికి వెళ్ళాను. ఆమె తుపాకి మందు గది బాయి మొహానికి దూరంగా, నేలలో సగం కూరుకుపోయిన రాతి కట్టడం. వాడిన గుల్లల్లో మళ్ళీ మందు పోసి, గుండు బిగించి తూటాలు తయారుచేసేది ఆమే. మందుగానీ పిస్తోలుగానీ బాయి లోపలికి రానివ్వం. కింద లెవెళ్ళలో, అంటే బాయి అంతస్తుల్లో, గ్యాస్ ఉంది. ఒక్క నిప్పురవ్వ చాలు; జాలీ మూసిన గాజు దీపాలే కిందికి పోతాయి. అందుకే దిగేముందు కాపలావాళ్ళు పిస్తోళ్ళు మొహం పక్కనే ఉన్న ఈ ల్యాంప్‌రూమ్‌లో పెట్టి పోతారు.

నా చిన్నప్పుడు ఎండలకు తాళలేక పై ఊళ్ళన్నీ వదిలి జనం బాయిలకు నడిచిన ఏడాది మా అమ్మ దారిలోనే పోయింది. మా చెల్లెను సంకనేసుకుని, నా చెయ్యి పట్టుకుని ఇక్కడిదాకా నడిపించింది సువార్తక్క. మాకు ఏమీ కాదామె. ఆ రోజు నుంచీ అక్కే.

"తేమ పట్టిందేమో," అంది నా చేతిలోని గుండు చూస్తూ. ఆమె గోళ్ళు ఎప్పటిలాగే నల్లగా ఉన్నాయి.

"ఈ ఎండల తేమ యాడిదక్కా?"

"రాతి గోడలు గద. చెమ్మ కారుతయ్. ఆరబెడ్త పో."

గోడ మీద చెయ్యి వేసి చూశాను. రొట్టె పెనంలా ఉంది.

రోహిణి కార్తె, మొదటి రోజు

రోహిణికి రోళ్ళు పగులుతాయని పాతకాలం మాట. బాయి మొహం దగ్గర ఎవరో వదిలేసిన రాతి రోలు ఈ మధ్యాహ్నం నిజంగానే పగిలింది. ల్యాంప్‌రూమ్‌లో ఉన్న నాకు ఆ చప్పుడు వినబడింది.

సాయంత్రం, ఫ్యాన్‌కు కరెంటిచ్చే ఎండ పలకల మీది దుమ్ము తుడవడానికి వెళ్ళినవాళ్ళు వార్త తెచ్చారు. తూర్పున రైలు కట్ట వెంబడి మనుషులు వస్తున్నారట. పగలు పాత వ్యాగన్ల కింద పడుకుని, రాత్రి నడుస్తున్నారట. వందకు దగ్గర ఉంటారు.

గట్టయ్య అందరినీ బాయి మొహం దగ్గర కూర్చోబెట్టాడు. మా బాయి పెద్ద ఆయనే. ఫ్యాన్ ఎంత గాలి లాగుతుందో, ఆ గాలి ఎందరికి సరిపోతుందో ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఒక ఎండాకాలం గాలి చాలక రెండో లెవెల్‌లో కొందరు నిద్రలోనే పోయారు. వాళ్ళలో ఆయన భార్య ఉంది.

"నాకు వాళ్ళ మీద పగ లేదు," అన్నాడు. "గాలి లేదు. గంతే. హాలేజీ తాడు దాటినోళ్ళను కొట్టాలె. పోయినేడు కొట్టినట్టే."

బాయి మొహానికి ముందు రెండు గుంజల మధ్య పాత ఇనుప తాడు కట్టి ఉంటుంది. ఒకప్పుడు బొగ్గు తొట్లను లాగిన తాడు. పోయినేడు దాన్ని దాటిన ముగ్గురిలో ఎవరూ మిగల్లేదు.

నేను లేచి చిన్న చప్పుడు సంగతి చెప్పాను. పిస్తోలు తుస్సుమంటే స్లైడ్ గుంజొద్దని, అలాగే పట్టుకుని నా దగ్గరికి రమ్మని చెప్పాను.

"మీదికి మంద వస్తుంటే సప్పుడు చిన్నదా పెద్దదా అని ఎవడు ఇంటడు?" అని మొగిలి నవ్వాడు.

గట్టయ్య నవ్వలేదు. "కొంరవ్వ చెప్పింది ఇనుండ్రి," అన్నాడు.

రోహిణి కార్తె, రెండో రోజు

తూటాల పెట్టెలోంచి కొన్ని తీసి గుండ్లు ఊడబీకాను. మందును కాగితం మీద విడివిడిగా పోసి పక్కపక్కన పెట్టాను.

తడి లేదు. ఆవాల్లా జారుతోంది. కాకపోతే కొన్నింట్లో నిండుగా ఉంది, కొన్నింట్లో సగమే ఉంది. చెయ్యి జారి తక్కువ పడినట్టు కాదు. సగమున్నవన్నీ ఒక్కలాగే సగం.

సువార్తక్క చెయ్యి జారే చెయ్యి కాదు.

పొద్దు గుంకేదాకా ఆగి వెళ్ళాను. ఆమె గడప మీద కూర్చుని గుల్లలు తుడుస్తోంది. నిండు మందు ఒకటి, సగం మందు ఒకటి, రెండు కాగితం పొట్లాలు ఆమె ముందు విప్పాను. ఆమె వాటిని చూసి, తుడుస్తున్న గుల్లను మెల్లగా కింద పెట్టింది.

"తేమ అని చెప్పినవ్."

"ఇంకేం చెప్పాలె?"

"ఎందుకు చేసినవ్ అక్కా?"

"పోయినేడు ఆ ముగ్గురి పీనుగులను కడిగింది నేనే. మొగోళ్ళు ఇద్దరు, ఒక ఆడామె. ఆమె చేతిల చెంబు ఇంక ఇడువలే. వేళ్ళు ఇరగదీసి తియ్యాల్సొచ్చింది. ఆమె రొమ్ముల దిగిన గుండు సుత నేను బిగించిందే. బిగించేటప్పుడు పడే నా చేతి గీతను నేను గుర్తు పడ్త." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "గట్టయ్యను ఒద్దంటే ఆగుతడా? ఆయన లెక్క తప్పని గూడ నేననను. నా చేతులతోని చంపేది మాత్రం నాతోని కాదు. సగం పోస్తె తుస్సుమంటది. గుండు బయటికి రాదు. ఎదురుగ ఉన్నోడు ఉరుకుతడు, బతుకుతడు. ఎవలకు నష్టం?"

అప్పుడు అర్థమైంది. ఆమెకు తూటా చేయడం తెలుసు. గొట్టంలో ఆ తూటా ఏం చేస్తుందో తెలియదు. తూటాల్లో చెయ్యి పెట్టిన ఇన్నేళ్ళలో ఆమె పిస్తోలు పట్టింది లేదు.

చెప్పాను. ఇరికిన గుండు వెనక రెండోది పేలితే గొట్టం ఎలా చీలుతుందో, స్లైడ్ ముక్కలు ఎటు ఎగురుతాయో, పట్టుకున్న వేళ్ళు ఏమవుతాయో, కళ్ళు ఏమవుతాయో చెప్పాను. మొదటిసారి అలా ఇరికింది స్వరూప చేతిలోనని చెప్పాను.

ఆమె రెండు చేతులూ చీర కొంగులో చుట్టుకుంది, చలి పెట్టినట్టు.

"స్వరూపనా?" అంది. "మన స్వరూపనా?"

"ఏవి సగమో ఏవి నిండో చెప్పగలవా?"

"లేదు. అన్నీ కలిపేసిన. నాకే తెల్వొద్దని కలిపిన."

అన్నీ విప్పి మళ్ళీ పోయాలి. అంత పని ఒక పూటలో అయ్యేది కాదు. రైలు కట్ట మీది మనుషులు వేకువకల్లా తాడు దగ్గర ఉంటారు.

నేను దాచి ఉంచితే స్వరూపో మొగిలో చెయ్యి పోగొట్టుకుంటారు. చెబితే సువార్తక్కను బాయి నుంచి వెళ్ళగొడతారు. రోహిణి ఎండలోకి వెళ్ళగొట్టడమంటే ఏమిటో రాయక్కర్లేదు.

"పోయి చెప్పు," అంది ఆమే. "నువ్ చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

ఇద్దరం కలిసే వెళ్ళాం. గట్టయ్య ఫ్యాన్ దగ్గర బెల్టు బిగువు చూస్తున్నాడు. సువార్తక్క తలెత్తకుండా అంతా చెప్పింది. ఆయన బెల్టు మీద నుంచి చెయ్యి తీయకుండానే విన్నాడు.

"నిన్ను పంపితే తూటలు ఎవలు చేస్తరు?" అన్నాడు చివరికి. "ఈ మాట మన ముగ్గురి నడుమనే ఉండాలె."

అప్పటికప్పుడు పిస్తోళ్ళు మూడూ తెప్పించాడు. రెండింటిని ల్యాంప్‌రూమ్ పెట్టెలో పెట్టి తాళం వేశాడు. కాపలావాళ్ళకు గడ్డపారలు ఇమ్మన్నాడు. మూడో పిస్తోలును ఉన్న తూటాలతోనే నింపి నడుముకు దోపుకున్నాడు.

"కొట్టాల్సొస్తె నేనే కొడ్త. పగిలితే నా చెయ్యే పగులుతది. నువ్ నీ సామాను పట్టుకొని నా పక్కన ఉండు."

రోహిణి కార్తె, మూడో రోజు

తూర్పు ఎర్రబడుతుండగా వాళ్ళు తాడు దగ్గరికి చేరారు. తలలకు తడి గుడ్డలు చుట్టుకుని, పిల్లలను వీపున కట్టుకుని, ఎవరూ కేకలు వేయకుండా వచ్చారు. కేకలు వేసి ఉంటే బాగుండేది. ఆ నిశ్శబ్దానికే మొగిలి గడ్డపారను రెండు చేతులా పట్టుకున్నాడు.

ముందున్నది ఒక పెద్దావిడ. పొడుగు మనిషి, పెదాలు పగిలి ఉన్నాయి. ఆరో బాయివాళ్ళమని, తన పేరు బానక్క అని చెప్పింది.

"మా బాయిల నీళ్ళు ఇంకినయ్. పొద్దు ఎక్కకముందే మమ్మల్ని నీడకు రానియ్యి, బిడ్డా."

"గాలి లేదు," అన్నాడు గట్టయ్య. "నీళ్ళు ఇస్త. తాగి పొండ్రి. తాడు ముట్టితే కొడ్త."

"యాడికి పోవాలె? ఇంకింత సేపైతే ఎండనే కొడ్తది. నువ్ కొట్టినా గదే, అది కొట్టినా గదే."

ఆమె వంగి తాడు పైకెత్తింది. గట్టయ్య పిస్తోలు ఎత్తాడు. నేను కళ్ళు మూసుకోలేదు, రాయడానికైనా చూడాలని.

టప్.

కొబ్బరి చిప్ప నేల మీద పడినంత చప్పుడు. బానక్క తన రొమ్ము వైపు చూసుకుంది. రక్తం లేదు. తాడు చేతిలో అలాగే ఉంది. వెనక ఎవరో పిల్ల ఏడుపు ఎత్తుకుంది.

గట్టయ్య ఎడమ చెయ్యి అలవాటుగా స్లైడ్ మీదికి వెళ్ళింది. వేళ్ళు దాన్ని పట్టుకున్నాయి. "అన్నా!" అన్నాను. ఆయన గుంజలేదు. మీట మీద వేలు తీసేశాడు. మూతిని బొగ్గు దిబ్బ వైపు తిప్పి, అలా పట్టుకుని కొంతసేపు నిలబడ్డాడు. తర్వాత నా చేతికిచ్చాడు.

"చూడు దీన్ని."

తాడుకు ఇవతల నేల మీద కూర్చున్నాను. డబ్బీ ఊడదీశాను. గుల్ల బయటపడేశాను. చూశాను, వేలు పెట్టి చూశాను. గొట్టం విప్పి నూనె చుక్కలు వేశాను. నాననిచ్చే తీరిక లేదు. స్వరూప గడ్డపార పక్కన పడేసి వచ్చి, నా సామానులోని రంధ్రమున్న చెక్క దిమ్మను నా ముందు పట్టుకుంది. నేను గొట్టాన్ని దాని మీద నిలబెట్టి కడ్డీ దోపాను.

బానక్క తాడు వదిలి, అవతల గొంతుక్కూర్చుంది. మా మధ్య మూరెడు దూరం లేదు.

"ఏం జేస్తున్నవ్ చెల్లె?"

"తూట ఇరికింది. తీస్తున్న."

"నాకు తగలాల్సిన తూటనేనా?"

"ఆ."

"తీసినంక?"

నేను గట్టయ్య వైపు చూశాను. ఆయన తూర్పు వైపు చూస్తున్నాడు.

టక్, టక్, టక్. అంతమంది ఉండి, నా సుత్తి తప్ప ఇంకో చప్పుడు లేదు. నేను నెమ్మదిగా కొడితే పొద్దు పొడుస్తుంది, వాళ్ళు ఇక్కడే మాడిపోతారు. త్వరగా ముగిస్తే పిస్తోలు బాగై మళ్ళీ వాళ్ళ మీదికి లేస్తుంది. చెయ్యి ఎలా కదపాలో తెలియక, పని ఎలా చేయాలో అలాగే చేశాను. స్వరూప నుదుటి చెమట దిమ్మ మీద పడుతోంది. దిబ్బల వెనక పొద్దు అంచు కనబడింది. వెంటనే వీపు మీద వేడి తగిలింది, ఎవరో చెయ్యి వేసినట్టు.

గుండు కదిలింది. ఇంకో రెండు దెబ్బలకు దిమ్మ కిందికి జారి, దుమ్ములో దొర్లి తాడు కిందుగా అవతలికి పోయింది. బానక్క దాన్ని తీసి అరచేతిలో పెట్టుకుని చూసింది.

"గింతేనా," అని మళ్ళీ నాకే ఇచ్చింది.

గొట్టం తుడిచి ఆకాశానికి పెట్టి చూశాను. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తళతళమంటోంది. ఎక్కడా మచ్చ లేదు.

గట్టయ్య చెయ్యి చాపాడు.

"గొట్టం ఉబ్బింది," అన్నాను. "ఇగ దీన్ని పేల్చొద్దు."

స్వరూప నా మొహంలోకి చూసింది. రెండో తూటా కొట్టకపోతే గొట్టం ఉబ్బదని దానికి చెప్పింది నేనే. గట్టయ్యకు నేను చెప్పక్కర్లేదు.

"ఏదీ," అన్నాడాయన. గొట్టం తీసుకుని కంటికి ఆనించి, పొద్దు వైపు పట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ గొట్టంలోంచి ఆయనకు ఏం కనబడిందో తెలియదు. వెలుగు పడి కంట్లోంచి నీళ్ళు కారాయి.

"అవు. ఉబ్బింది," అన్నాడు.

గొట్టం నా ఒళ్ళో పడేసి, వెళ్ళి గుంజకున్న తాడు ముడి తనే విప్పాడు.

రోహిణి కార్తె, రెండో వారం

చివరి లెవెల్‌లో గాలి చాలక దీపాల మంట కుదించుకుపోతోంది. వత్తి పెంచినా అంతే. పిల్లలకు పొద్దున లేవగానే తలనొప్పి. పెద్దవాళ్ళు రెండు మెట్లెక్కి ఆగుతున్నారు.

గట్టయ్య వంతులు పెట్టాడు. రాత్రంతా అందరూ బయట పడుకోవాలి. పగలు నడవకూడదు, మాట్లాడకూడదు, పడుకునే ఉండాలి. సువార్తక్క తనకు కిందికి రావాల్సిన పని లేదని మందు గదిలోనే ఉంటోంది. తడి గోనెలు కప్పుకుని ఆమెతోపాటు కొత్తవాళ్ళు కొందరు కూడా అక్కడే ఉన్నారు.

నిన్న మూడో లెవెల్ ఓదెలు తాత నిద్ర లేవలేదు. శవాన్ని గట్టయ్యే భుజాన వేసుకుని పైకి తెచ్చాడు. ల్యాంప్‌రూమ్ ముందు నుంచి పోతూ నా వైపు చూడలేదు. తిట్టినా బాగుండేది. రాత్రి అన్నం సగంలో వదిలేశాను.

స్వరూప వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఆ రోజు గొట్టం మంచిగనే ఉండె గద, పెద్దమ్మా?"

"ఉండె."

"నేనైతే గూడ గట్లనే చెప్తుంటి," అని నా భుజానికి తల ఆనించింది.

మృగశిర కార్తె, మొదటి రోజు

మబ్బు లేదు. గాలి లేదు.

వేకువ కాపలా నుంచి స్వరూప వచ్చి రైలు కట్ట మీద దుమ్ము లేస్తోందని చెప్పింది. ఈసారి వచ్చేవాళ్ళు పొద్దు పొడుస్తున్నా ఆగడం లేదట. బండ్లున్నాయట, వాటికి కప్పులున్నాయట.

గట్టయ్య బానక్కను పిలిపించాడు. ఆమె ఆ దుమ్మును చూడగానే నేల మీద కూర్చుండిపోయింది.

"ఏడో బాయోళ్ళు," అంది. "మా బాయిల నీళ్ళు ఇంకలే. నేను అబద్ధమాడిన. వాళ్ళు తుపాకులతోని మా మీద పడ్డరు. అడ్డమొచ్చినోళ్ళను చంపిన్రు. మా ఫ్యాన్ ఊడబీకి బండికెక్కించుకొని పోయిన్రు. ఫ్యాన్ లేని బాయిల ఎంతసేపుంటం? ఇగ మీ దానికోసం వస్తున్నరు."

"ముందే చెప్పరాదా?" అని అరిచాడు మొగిలి.

"చెప్తే రానిస్తుంటిరా?"

వెనక ఫ్యాన్ తిరుగుతోంది. మామూలుగా మాకు ఆ రొద వినబడదు, అలవాటైపోయింది. ఇవాళ అందరం దాన్నే విన్నాం.

గట్టయ్య ల్యాంప్‌రూమ్‌లోకి వచ్చి పెట్టె తాళం తీశాడు. మూడు పిస్తోళ్ళూ బల్ల మీద పెట్టాడు. మూతులు ఇసుక బస్తా వైపే ఉన్నాయి.

"ఆ ఉబ్బిన గొట్టం ఎట్లుంది?"

"మంచిగుందన్నా."

"రేపు పొద్దుగుంకేసరికి వస్తరు వాళ్ళు. అప్పటికి ఎన్నైతయో అన్ని చెయ్యుండ్రి."

తడి గోనె కప్పుకుని మందు గదికి వెళ్ళేసరికి సువార్తక్క, తాడు విప్పినప్పటి నుంచి ఎవరూ ముట్టని పాత తూటాలన్నీ అప్పటికే గోనె మీద పోసింది. దీపం పెట్టే వీలు లేదు కాబట్టి తలుపు బార్లా తీసి ఉంచాం. ఆ వెలుగులో వేడి కూడా లోపలికి వచ్చి కూర్చుంది. బానక్క అడగకుండానే వచ్చి గోనె ముందు కూర్చుంది. గుండ్లు ఊడబీకడం ఒకసారి చూపిస్తే పట్టేసింది. నేను గుల్లలు చూసి, చిట్లినవి ఏరి పారేశాను. మందంతా ఒక మట్టి పాత్రలో కుప్ప చేశాం. సగం గుల్లల మందు, నిండు గుల్లల మందు ఒక్కటైపోయింది.

సువార్తక్క కొలత చెంచా చేతిలోకి తీసుకుంది. మొదటి గుల్లను ఎడమ చేత్తో పట్టుకుని ఆగింది.

"ఎంత పొయ్యాలె, కొంరవ్వా?"

ఆమె నన్నే చూస్తోంది. చిన్నప్పుడు నా చెయ్యి పట్టుకుని నడిపించిన మనిషి, దారి అడుగుతున్నట్టు చూస్తోంది. కింద చివరి లెవెల్‌లో మంట కుదించుకుపోయిన దీపాలున్నాయి. వచ్చే బండ్లలో మనుషులున్నారు. వాళ్ళ బాయిలో వాళ్ళకూ పిల్లలున్నారేమో. వాళ్ళ ఫ్యాన్ ఏమైందో, ఆరో బాయిది పీకినా మాది కూడా ఎందుకు కావాల్సివచ్చిందో నాకు తెలియదు.

"నిండ పొయ్యి అక్కా," అంది బానక్క, తలెత్తకుండా, పని ఆపకుండా. "ఒక్కటి గూడ తుస్సుమనొద్దు."

సువార్తక్క ఆమె వైపు తిరిగింది. ఆమె రొమ్ము మీద, తాడు దగ్గర ఆ రోజు గుండు తగలాల్సిన చోట, చూపు కాసేపు నిలిపింది. ఆ గుండు ఎందుకు ఆగిపోయిందో బానక్కకు ఎవరూ చెప్పలేదు. సువార్తక్క పెదవులు కదిలాయి. చెబుతుందేమో అనుకున్నాను.

చెప్పలేదు. చెంచా నిండా తీసి, అంచు గీసి, గుల్లలో పోసింది. నాకు అందించింది. నేను గుండు పెట్టి బిగించాను.

చీకటి పడేసరికి తూటాల పెట్టె నిండింది.